పాత మాన్‌స్టర్ సినిమాల మీద మోజు జీవితాంతం ఎందుకు వదలదు?

2024 మార్చిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ ఒక జపాన్ సినిమాకు వెళ్లింది. దాని పేరు గాడ్జిల్లా మైనస్ వన్. 1954లో రబ్బరు సూట్ వేసుకున్న నటుడితో మొదలైన ఆ సిరీస్‌కు డెబ్బై ఏళ్లలో అదే మొదటి ఆస్కార్. అదే ఏడాది మే నెలలో, వందల కొద్దీ చవక సినిమాలకు నిర్మాతగా, దర్శకుడిగా పనిచేసిన రోజర్ కోర్మన్ 98వ ఏట చనిపోయారు. 2025లో గియెర్మో డెల్ తోరో ఎన్నో ఏళ్లుగా కలలు కన్న ఫ్రాంకెన్‌స్టైన్‌ని పూర్తి చేశారు. చిన్నప్పుడు చూసిన 1931 నాటి సినిమాయే తనని ఈ దారి పట్టించిందని ఆయన చాలాసార్లు చెప్పారు.

ఇలాంటి వార్తలు వచ్చినప్పుడల్లా కొత్తగా చూసేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. సూట్ వెనక జిప్పు, ఎగిరే పళ్లేన్ని పట్టుకున్న దారం కనిపించే సినిమాల మీద ఇంత ప్రేమ ఎలా పుడుతుంది? ఎనిమిదేళ్లప్పుడు పట్టుకున్న మోజు ఎనభై ఏళ్లొచ్చినా ఎందుకు ఉంటుంది? చిన్ననాటి జ్ఞాపకాల తీపి అని సరిపెట్టుకోవచ్చు కానీ, ఆ జవాబు సగమే. మిగతా సగం ఆ సినిమాలను తీసిన తీరులోనూ, అవి జనం దగ్గరికి చేరిన దారిలోనూ ఉంది.

ముందుగా, బీ సినిమా అంటే ఏంటి?

మన దగ్గర ఈ మాట చుట్టూ చాలా గందరగోళం ఉంది. డిస్ట్రిబ్యూటర్లు చెప్పే బీ, సీ సెంటర్లు ఊళ్ల స్థాయికి సంబంధించినవి. బీ గ్రేడ్ సినిమా అంటే మనవాళ్లకు వెంటనే గుర్తొచ్చేవి పెద్దలకు మాత్రమే అని పోస్టర్ వేసుకునే సినిమాలు. హాలీవుడ్ బీ సినిమాకు ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

1930లలో అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉంది. హాళ్లు ఖాళీ అవుతుంటే ఒక టికెట్‌కు రెండు సినిమాలు చూపించడం మొదలుపెట్టారు. పెద్ద తారలున్న ప్రధాన సినిమా ఏ. దానికి తోడుగా వేసే, గంట గంటా పావు నడిచే చిన్న సినిమా బీ. ఈ రెండో రకం సినిమాల కోసం పెద్ద స్టూడియోలు విడిగా యూనిట్లు పెట్టుకున్నాయి. మోనోగ్రామ్, రిపబ్లిక్, పీఆర్‌సీ లాంటి చిన్న కంపెనీలైతే ఎక్కువగా వీటిమీదే బతికాయి.

అద్దె లెక్క చూస్తే సగం అర్థమవుతుంది

రెండు రకాల సినిమాలకూ డబ్బు వచ్చే పద్ధతే వేరు. ఏ సినిమాకు హాలు వసూళ్లలో వాటా వెళ్లేది. బీ సినిమాకు మాత్రం ముందే మాట్లాడుకున్న స్థిరమైన అద్దె. దీని ప్రభావం తెలియడానికి ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం.

ఒక హాలు వారానికి 1000 డాలర్లు వసూలు చేసిందనుకుందాం. ఏ సినిమా వాటా 40 శాతం అయితే నిర్మాణ సంస్థకు 400 వస్తుంది. జనం రాక వసూళ్లు 400కి పడిపోతే వచ్చేది 160. బీ సినిమా అద్దె 25 డాలర్లనుకుంటే, హాలు నిండినా ఎండినా 25 వస్తుంది. దాన్ని 4000 హాళ్లు తీసుకుంటే మొత్తం లక్ష. అంటే సినిమా మొదలుపెట్టక ముందే రాబడి దాదాపు తెలిసిపోయినట్టే. 80 వేలలో తీస్తే 20 వేలు మిగులుతుంది. మనసు పెట్టి లక్షా 20 వేలతో అద్భుతంగా తీస్తే 20 వేలు నష్టం.

బాగా తీసినందుకు అదనంగా ఒక్క డాలర్ రాదు కాబట్టి చాలా బీ సినిమాలు చుట్టేసినట్టు ఉంటాయి. ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. బడ్జెట్ దాటనంత వరకు లోపల ఏం తీస్తున్నారో పైవాళ్లు పెద్దగా పట్టించుకునేవారు కాదు. పెద్ద సినిమాలో ఎవరూ ఒప్పుకోని కథ ఇక్కడ నడిచిపోయేది. ఆ సందులోంచే కొన్ని అసలైన మంచి సినిమాలు వచ్చాయి.

అన్ని పాత మాన్‌స్టర్ సినిమాలూ బీ సినిమాలు కావు

ఇక్కడ చాలామంది పొరబడతారు. యూనివర్సల్ స్టూడియో 1931లో తీసిన డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ రెండూ ప్రధాన సినిమాలుగానే విడుదలయ్యాయి. 1933 నాటి కింగ్ కాంగ్ ఆ రోజుల్లో భారీ సినిమా. 1938లో డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్‌లను ఒకే టికెట్ మీద కలిపి మళ్లీ వదిలితే జనం విరగబడ్డారు. అప్పటికి ఆగిపోయిన ఆ తరహా సినిమాలు మళ్లీ మొదలవడానికి ఆ వసూళ్లే కారణం. 1940లలో సీక్వెళ్లు పెరిగేకొద్దీ బడ్జెట్లు తగ్గాయి, రాక్షసులందరినీ ఒకే సినిమాలో దించారు, చివరికి హాస్యజంట అబాట్, కాస్టెల్లోలతో కలిపేశారు. ఒకే రాక్షసుడు పదిహేడేళ్లలో ఏ నుంచి బీ దాకా వచ్చాడన్నమాట. ఈ మోజున్నవాళ్లు ఆ మొదటి సినిమానీ చివరి సినిమానీ ఒకే అరలో పెట్టుకుంటారు. ఎందుకో తెలియాలంటే ఇవి వాళ్ల ఇళ్లకు ఎలా చేరాయో చూడాలి. అంతకన్నా ముందు, డబ్బు లేకపోవడమే ఒక పద్ధతిని పుట్టించిన సందర్భం ఒకటి చూద్దాం.

ఒక బస్సు బ్రేకు

1942లో ఆర్‌కేఓ స్టూడియో నష్టాల్లో ఉంది. వాల్ లూటన్ అనే నిర్మాతకు చవక భయానక సినిమాల యూనిట్ అప్పగించి మూడు షరతులు పెట్టింది. ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు, టైటిల్ స్టూడియోనే ఇస్తుంది. మొదట ఇచ్చిన టైటిల్ క్యాట్ పీపుల్. కథేమీ లేదు, టైటిల్ మాత్రమే.

లూటన్, దర్శకుడు జాక్ టోర్నర్ కలిసి, కోపమో కోరికో కలిగితే తాను చిరుతగా మారిపోతానని నమ్మే ఇరీనా అనే యువతి కథ అల్లారు. ఆమె మారడాన్ని చూపించడానికి తగినంత డబ్బు లేదు. పైగా చూపించకపోతేనే మేలని లూటన్ గట్టి నమ్మకం.

రాత్రి వేళ పార్కు గోడ పక్కన ఆలిస్ అనే అమ్మాయి ఒంటరిగా నడుస్తుంటుంది. కాస్త వెనక ఇరీనా. సంగీతం లేదు. రెండు జతల హీల్స్ చప్పుడు మాత్రం వినిపిస్తుంది. వీధి దీపం వెలుగు, తర్వాత చీకటి, మళ్లీ వెలుగు. కొంతసేపటికి ఒక జత అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ఆలిస్ వెనక్కి తిరుగుతుంది, ఎవరూ లేరు. నడక వేగం పెంచుతుంది, పరుగెత్తుతుంది. ఒక దీపస్తంభం దగ్గర ఆగి చీకట్లోకి చూస్తుండగా పులి బుసలాంటి చప్పుడుతో తెర అంచు నుంచి ఏదో దూసుకొస్తుంది. అది సిటీ బస్సు. ఆ బుస దాని బ్రేకుది.

ఎడిటర్ మార్క్ రాబ్సన్ కూర్చిన ఆ క్షణాన్ని సినిమావాళ్లు ఇప్పటికీ లూటన్ బస్సు అంటారు. ఇవాళ హారర్ సినిమాలో పిల్లి కిటికీ మీంచి దూకి మనల్ని ఉలిక్కిపడేలా చేసే ప్రతి సీనుకూ మూలం ఇదే. ఈ సినిమాలోని మెట్ల సెట్ కూడా సొంతంగా కట్టింది కాదు. ఆర్సన్ వెల్స్ సినిమా కోసం కట్టి వదిలేసినదాన్ని వాడుకున్నారు. ఆ నడక సీను ఇప్పుడు చూసినా పట్టు సడలదు. ఎందుకంటే అందులో పాతబడిపోయే బొమ్మ అంటూ లేదు, చప్పుడూ చీకటీ మాత్రమే ఉన్నాయి.

హాళ్లు విడిపోయాక వచ్చిన కొత్త రకం

1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పుతో పెద్ద స్టూడియోలు తమ సొంత హాళ్లను వదులుకోవాల్సి వచ్చింది. ఒక మంచి సినిమాతో పాటు పది మామూలు సినిమాలు అంటగట్టే బ్లాక్ బుకింగ్ కూడా పోయింది. అదే సమయంలో ఇంటింటికీ టీవీ వచ్చేస్తోంది. పాత అర్థంలో బీ సినిమా అక్కడితో ముగిసింది.

పేరు మాత్రం మిగిలి, కుర్రకారు కోసం తీసే చవక సినిమాలకు అంటుకుంది. కార్లో కూర్చునే చూసే డ్రైవ్-ఇన్ హాళ్లు 1950ల చివరికి అమెరికాలో 4000 దాటాయి. వాటికి సరుకు అందించిన కంపెనీల్లో ముఖ్యమైనది అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్. ముందు టైటిల్, తర్వాత పోస్టర్, హాళ్లవాళ్లు ఊ అంటే అప్పుడు కథ, ఇదీ వాళ్ల పద్ధతి. పోస్టర్‌కూ సినిమాకూ పొంతన కుదరకపోవడానికి కారణం ఇదే.

కోర్మన్ ఎదిగింది ఇక్కడే. 1960లో లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్ ప్రధాన భాగాన్ని ఆయన ఇంకో సినిమా వాడి వదిలేసిన సెట్‌లో రెండు రోజుల్లో తీసేశారు. అందులో చిన్న వేషం వేసిన కుర్రాడు జాక్ నికల్సన్. ఫ్రాన్సిస్ కొప్పోలా, మార్టిన్ స్కోర్సీసీ, జేమ్స్ కామెరాన్, రాన్ హోవార్డ్ అందరూ ఏదో ఒక దశలో ఆయన దగ్గర పనిచేసినవాళ్లే. జీతం తక్కువ, పని ఎక్కువ. కానీ ఇరవై ఆరేళ్ల కుర్రాడి చేతికి కెమెరా ఇచ్చే చోటు హాలీవుడ్‌లో మరొకటి లేదు.

శుక్రవారం రాత్రి ఇంట్లోకి వచ్చిన శవపేటిక

నా లెక్కలో ఈ మొత్తం కథకు మలుపు 1957. ఆ ఏడాది స్క్రీన్ జెమ్స్ సంస్థ యూనివర్సల్ పాత సినిమాలు 52 ఒక కట్టగా కట్టి, షాక్ అనే పేరుతో అమెరికాలోని లోకల్ టీవీ స్టేషన్లకు అద్దెకిచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి సినిమాలు ఒక్కసారిగా రాత్రిపూట ఇళ్లల్లో ప్రత్యక్షమయ్యాయి. 1931లో హాలుకు వెళ్లి భయపడినవాళ్ల పిల్లలు ఇప్పుడు సోఫాలో దుప్పటి కప్పుకుని వాటినే చూశారు.

సినిమా మధ్యలో ప్రకటనలు వేయాలి, ఆ ఖాళీలు నింపాలి. అందుకోసం స్టేషన్లు సొంతంగా ఒక మనిషిని పెట్టుకున్నాయి. అలాంటివాళ్లను హారర్ హోస్ట్ అంటారు. ఈ పద్ధతికి దారి వేసింది 1954లో లాస్ ఏంజెలిస్‌లో నల్ల గౌనుతో పొగల్లోంచి నడిచొచ్చిన వాంపైరా, అంటే నటి మైలా నుర్మి. షాక్ కట్ట వచ్చాక ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ శవపేటిక పక్కన నిలబడి మాట్లాడేవాడు. క్లీవ్‌లాండ్‌లో గూలార్డీ, షికాగోలో స్వెంగూలీ. స్వెంగూలీ వేషాన్ని 1970లలోనే అందుకున్న రిచ్ కోజ్ ఈ శతాబ్దంలోనూ దాన్ని కొనసాగిస్తూ వచ్చారు.

వీళ్లు చేసిన పని చిన్నదేం కాదు. ఏడేళ్ల పిల్ల డ్రాక్యులాను చూసి వణుకుతున్నప్పుడు, ప్రకటన సమయానికి ఒక వింత మనిషి వచ్చి ఆ సీను గురించే సరదాగా మాట్లాడి, మళ్లీ సినిమాలోకి పంపేవాడు. భయం, నవ్వు, మళ్లీ భయం. పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని ధైర్యం చెబుతున్నట్టే ఉండేది. పైగా ప్రతి ఊరికీ సొంత హోస్ట్ ఉన్నాడు కాబట్టి సోమవారం బడిలో అందరూ ఒకే మనిషి గురించి మాట్లాడుకునేవారు.

మర్నాడు పట్టుకోవడానికి చేతిలో ఏదైనా ఉండాలి కదా. 1958లో జేమ్స్ వారెన్ ప్రచురణకర్తగా, ఫారెస్ట్ అకర్మన్ సంపాదకుడిగా ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్ అనే పత్రిక వచ్చింది. ఒక్క సంచిక వేసి ఆపేద్దామనుకున్నది దశాబ్దాలు నడిచింది. రాక్షసుడి ఫొటోతో పాటు ఆ మేకప్ చేసినవాడి పేరు, చేసిన పద్ధతి కూడా అందులో ఉండేవి. తర్వాత ప్లాస్టిక్ మోడల్ కిట్లు వచ్చాయి, జిగురుతో అతికించి రంగులేసుకునేవి. ఆ తరాన్ని ఇప్పుడు మాన్‌స్టర్ కిడ్స్ అంటారు. స్టీవెన్ స్పీల్‌బర్గ్, రచయిత స్టీఫెన్ కింగ్, దర్శకుడు జో డాంటే, మేకప్ కళాకారుడు రిక్ బేకర్ అందరూ ఆ పత్రిక చదివి పెరిగినవాళ్లే. మేకప్‌కు ఆస్కార్‌లో ప్రత్యేక విభాగం పెట్టాక 1982లో మొదటి అవార్డు అందుకున్నది రిక్ బేకరే.

కోతి ఒంటి మీద వేలిముద్రలు

జీవితాంతం నిలవడానికి అసలు కారణం ఇక్కడుందని నేను నమ్ముతాను. ఈ సినిమాల్లో చేసినవాడి చెయ్యి కనిపిస్తుంది.

కింగ్ కాంగ్‌లో విల్లిస్ ఓబ్రయన్ వాడిన కోతి బొమ్మలు సుమారు 18 అంగుళాల ఎత్తువి. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన కుందేలు చర్మం. బొమ్మను కొంచెం కదిపి ఒక ఫ్రేము తీస్తారు, మళ్లీ కొంచెం కదిపి ఇంకో ఫ్రేము. దీన్నే స్టాప్ మోషన్ అంటారు. కదిపేటప్పుడు వేళ్లు తగిలి వెంట్రుకలు అటూ ఇటూ పడేవి. తెర మీద చూస్తే కాంగ్ ఒళ్లంతా బొచ్చు నిరంతరం కదులుతూ ఉంటుంది. కోపంతో రోమాలు నిక్కబొడుచుకున్నాయని కొందరు ప్రేక్షకులు అనుకున్నారు. అవి నిజానికి ఆనాడు బొమ్మను పట్టుకున్న మనిషి వేలిముద్రలు. తెలిసి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ మనిషి పోయి దశాబ్దాలైంది, అతను ముట్టుకున్న గుర్తు ఇంకా కదులుతూనే ఉంది.

ఆ సినిమాను లాస్ ఏంజెలిస్‌లో 13 ఏళ్ల రే హ్యారీహౌసెన్ చూశాడు. ఎలా చేశారో తెలుసుకునేదాకా నిద్రపట్టలేదు. ఇంటి గ్యారేజీలో బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. మెషినిస్టుగా పనిచేసే తండ్రి తర్వాత కూడా లోహపు కీళ్లు తయారుచేసి ఇచ్చాడు, తల్లి బట్టలు కుట్టింది. 1949 నాటికి ఓబ్రయన్ దగ్గరే పనికి చేరి, తర్వాత ఆయనంతవాడయ్యాడు.

ఆయన పనిలో ఎంత ఓపిక ఉందో లెక్క వేయొచ్చు. 1963 నాటి జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్‌లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. ఒక్కో అస్థిపంజరానికి తల, రెండు చేతులు, రెండు కాళ్లు కదపాలి. ఏడు ఐదులు ముప్పై ఐదు. ఒక్క ఫ్రేముకు 35 కదలికలు, అవి కూడా ముందే తీసిన నటుల కదలికలకు సరిపోవాలి. సెకనుకు 24 ఫ్రేములు. ఆయన రోజుకు సగటున తీసింది 13 ఫ్రేములు, అంటే అర సెకను. కొన్ని నిమిషాల ఆ యుద్ధానికి నాలుగున్నర నెలలు పట్టింది.

డబ్బు చాలనప్పుడు ఏం చేశాడో కూడా తెలుసు. 1955లో శాన్‌ఫ్రాన్సిస్కో మీద పడే ఆక్టోపస్‌కు ఆయన పెట్టింది ఆరు చేతులే. రెండు తగ్గితే ఖర్చు, సమయం మిగులుతాయి. నీళ్లలో ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెడతారని అనుకున్నాడు. అభిమానులు లెక్కపెట్టారు. ఆ సంగతి తెలిశాక ఆయన మీద వాళ్లకు ఇష్టం ఇంకా పెరిగింది.

ఇవాళ కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో వేలమంది కష్టం ఉంటుంది, అది తక్కువ కష్టమేం కాదు. కానీ పదేళ్ల పిల్లవాడు దాన్ని చూసి నేనూ చేస్తానని మట్టి ముద్ద చేతిలోకి తీసుకోవడం కష్టం. పాత సినిమా ఆ పని చేయిస్తుంది. పీటర్ జాక్సన్ న్యూజిలాండ్‌లో తొమ్మిదేళ్లప్పుడు టీవీలో కాంగ్‌ను చూసి సినిమాలు తీయాలని నిర్ణయించుకున్నాడు. 2005లో అదే కథను మళ్లీ తీశాడు.

భయపడాల్సిన దాని మీదే జాలి

రెండో కారణం రాక్షసుడి మనసు. ఫ్రాంకెన్‌స్టైన్‌లో రాక్షసుడిగా నటించిన బోరిస్ కార్లాఫ్‌కు మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ రోజూ నాలుగు గంటల పాటు మేకప్ వేసేవాడు. సర్జన్ మెదడు పెట్టాలంటే పుర్రె పైభాగాన్ని మూతలా కోస్తాడన్న ఆలోచనతో తల పైన చదునుగా చేశాడు. అంత బరువైన మేకప్ కిందనుంచి కార్లాఫ్ కళ్లతో ఒక పసివాణ్ని చూపించాడు.

చెరువు గట్టున చిన్న పాప మరియా రాక్షసుడికి పూలు ఇస్తుంది. ఇద్దరూ వాటిని నీళ్లలోకి విసిరి తేలుతుంటే చూస్తారు. పూలు అయిపోతాయి. పాప కూడా అలాగే తేలుతుందనుకుని ఆమెను నీళ్లలోకి విసిరేస్తాడు. మునిగిపోయేసరికి బెంబేలెత్తి పారిపోతాడు. సెన్సార్లు ఆ విసిరే భాగాన్ని కత్తిరించారు. దాంతో రాక్షసుడు చేతులు చాపడం, ఆ తర్వాత తండ్రి పాప శవాన్ని మోసుకురావడం మాత్రమే మిగిలి, జనం అంతకన్నా ఘోరం ఊహించుకున్నారు. కత్తిరించిన ముక్క 1980లలో తిరిగి చేరింది. ఆ పది సెకన్లూ ఉంటే అది తెలియక చేసిన నేరం, లేకపోతే దుర్మార్గం.

తోటిపిల్లలతో కలవలేని పిల్లలు హీరోను వదిలి ఈ రాక్షసుణ్ని ఎందుకు పట్టుకున్నారో దీంట్లో తెలుస్తుంది. 1954 నాటి క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్‌లో ఆ నీటి ప్రాణి, హీరోయిన్ కలిసి ఉంటే బాగుండేదని డెల్ తోరో చిన్నప్పుడే అనుకున్నాడట. పెద్దయ్యాక అలాగే ఒక సినిమా తీస్తే 2018లో ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది.

గాడ్జిల్లాది ఇంకా బరువైన కథ. 1954 మార్చిలో బికినీ దీవుల దగ్గర అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష ధూళి జపాన్ చేపల పడవ లక్కీ డ్రాగన్ 5 మీద పడింది. ఎనిమిది నెలలకు, నవంబర్‌లో ఇషిరో హోండా సినిమా వచ్చింది. బాంబు వల్ల లేచిన మృగం టోక్యోను కాలుస్తుంది. దాని అరుపును సంగీత దర్శకుడు అకీరా ఇఫుకుబే పుట్టించిన తీరు వినండి. తోలు గ్లౌవుకు జిగట పూసి, వదులు చేసిన డబుల్ బేస్ తీగల మీద రుద్ది, ఆ చప్పుడును నెమ్మదిగా నడిపించారు. 1956లో అమెరికాకు వచ్చేసరికి రేమండ్ బర్ అనే నటుడితో కొత్త సీన్లు చేర్చి, బాంబు ప్రస్తావన చాలావరకు తగ్గించేశారు. చాలా ఏళ్లు ప్రపంచం చూసింది ఆ మార్చిన సినిమానే. గాడ్జిల్లా అంటే పిల్లల కాలక్షేపం అన్న పేరు రావడానికి అది కూడా ఒక కారణం.

చెత్తగా ఉంది కాబట్టే బాగుందా?

ఈ మోజు మీద అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. 1980లో మెడ్వెడ్ సోదరులు ఒక పుస్తకంలో పాఠకుల ఓట్లతో ఎడ్ వుడ్ తీసిన ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్‌ను అన్ని కాలాల్లోకీ చెత్త సినిమా అని ప్రకటించారు. 1988లో మొదలైన మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 అనే టీవీ కార్యక్రమం పాత సినిమా నడుస్తుండగా దాని మీద వ్యాఖ్యానాలు విసరడాన్నే వినోదంగా మార్చింది. ఈ వర్గం వాదన సూటిగా ఉంటుంది. సినిమా దానికదే నిలబడదు, నలుగురు కలిసి నవ్వుకోవడంలోనే ఆనందం. ఆ కార్యక్రమం లేకపోతే ఎన్నో సినిమాల పేర్లే మర్చిపోయేవాళ్లమన్నది కూడా నిజం.

ఎదుటి వర్గం దీన్ని ఒప్పుకోదు. ప్లాన్ 9నే తీసుకోండి. 1931 నాటి డ్రాక్యులాలో నటించిన బేలా లుగోసీ 1956లో చనిపోయారు. అంతకుముందు వుడ్ తీసిన కొద్దిపాటి ఫుటేజీ ఉంది. మిగతా సీన్లలో వుడ్ భార్యకు వైద్యం చేసే కైరోప్రాక్టర్ ముఖానికి కేప్ అడ్డం పెట్టుకుని నటించాడు, లుగోసీ కన్నా స్పష్టంగా పొడుగు. నవ్వేవాళ్లకు అది లోపం. ప్రేమించేవాళ్లకు అది, ఎవరూ వేషం ఇవ్వని ముసలి నటుడి చివరి ఫ్రేములను ఎలాగైనా తెర మీదికి తేవాలనుకున్న మనిషి పట్టుదల. నా మొగ్గు రెండోవైపే. అయితే నవ్వుతూ మొదలుపెట్టి ప్రేమలో పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ రెండు శిబిరాల మధ్య గోడ అంత ఎత్తైనది కాదు.

మూడో మాట విమర్శకులది. సూజన్ సొంటాగ్ 1965లో రాసిన వ్యాసంలో, ఈ సైన్స్ ఫిక్షన్ సినిమాలు విధ్వంసాన్ని అందంగా చూపించి అసలైన అణు భయాన్ని మొద్దుబారుస్తాయని వాదించారు. ఇందులో బలం ఉంది. నగరాలు కూలుతుంటే మనం ఆనందిస్తున్నాం మరి. గాడ్జిల్లా మొదటి సినిమాలో ఆసుపత్రి నిండా గాయపడ్డవాళ్లు, పిల్లలు ఉన్న సీను చూశాక మాత్రం ఆ వాదన అన్నింటికీ వర్తించదని అనిపిస్తుంది.

ఇక జాతి, ఆడవాళ్ల విషయం. కింగ్ కాంగ్‌లో దీవి మనుషుల్ని చూపించిన తీరు ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. తెర వెనక కూడా అన్యాయాలున్నాయి. బ్లాక్ లగూన్ ప్రాణి రూపం గీసింది మిలిసెంట్ ప్యాట్రిక్ అనే మహిళ. ఆ ఘనత దశాబ్దాల పాటు మేకప్ విభాగాధిపతి బడ్ వెస్ట్‌మోర్‌కే వెళ్లింది. ఆమె పేరును వెతికి బయటికి తెచ్చింది ఈ సినిమాల అభిమానులే.

చివరిగా జ్ఞాపకాల వాదన. ఒక వస్తువును పదే పదే చూస్తే చాలు, దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించారు. 52 సినిమాల కట్ట టీవీలో తిరిగి తిరిగి వచ్చింది కాబట్టి ఇది ఇక్కడ బాగానే సరిపోతుంది. కానీ అదే టీవీలో అంతే సార్లు వచ్చిన ఎన్నో కౌబాయ్ సినిమాల కోసం ఇంతమంది బొమ్మలు చేయలేదు, మేకప్ నేర్చుకోలేదు.

మన విఠలాచార్య ఎక్కడ సరిపోతారు?

తెలుగులో ఈ మాట రాగానే గుర్తొచ్చే పేరు బి. విఠలాచార్య. తక్కువ బడ్జెట్, గట్టి పొదుపు, పుర్రెలు, అస్థిపంజరాలు, మాంత్రికులు, కెమెరాలోనే చేసిన ట్రిక్కులు. డేట్లు ఇవ్వకుండా ఇబ్బంది పెట్టిన నటుడి పాత్రను శాపం పెట్టి చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ నడిపించేవారని ఇండస్ట్రీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. జగన్మోహిని (1978)లో దెయ్యం తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేసే సీను చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు.

పోలిక అంతవరకే. విఠలాచార్య సినిమాలు తోడుకు వేసే రెండో సినిమాలు కావు, హాలుకు అదే అసలు సినిమా. ఎన్టీఆర్, కాంతారావు లాంటి హీరోలున్నవి. భయం మూలం కూడా అణుబాంబు కాదు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు మన కథల్లో ఎప్పటినుంచో ఉన్నాడు. పిల్లలు చందమామలో చదివినదే తెర మీద చూశారు.

పని పద్ధతి మాత్రం ఒకటే. మాస్క్ షాట్ తీసుకోండి. లెన్స్ ముందు సగభాగం మూసి హీరోను ఎడమవైపు నిలబెట్టి తీస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి తీసిన సగాన్ని మూసి, అదే హీరోను కుడివైపు నిలబెట్టి తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు సగాల మధ్య గీత కనిపిస్తుంది, ఫిల్మ్ మొత్తం వృథా. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957)లకు మార్కస్ బార్ట్లే, సీతారామ కల్యాణం (1961)కు రవికాంత్ నగాయిచ్ ఇలా కెమెరాతోనే అద్భుతాలు చేశారు. ఈ సినిమాలు టీవీలో చూస్తూ ఎలా తీశారబ్బా అని పెద్దవాళ్లను వేధించిన తెలుగు పిల్లలకు హ్యారీహౌసెన్ కథ పరాయిదిగా అనిపించదు.

హక్కులు, ప్రింట్లు: ఇప్పుడెందుకు చర్చ?

అమెరికా చట్టం ప్రకారం 1931లో విడుదలైన సినిమాలకు కాపీరైట్ 95 ఏళ్లు. 2026 చివరితో ముగుస్తుంది. అంటే 2027 జనవరి 1న యూనివర్సల్ డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ అక్కడ అందరివీ అవుతాయి. మేరీ షెల్లీ నవల (1818), బ్రామ్ స్టోకర్ నవల (1897) ఎప్పుడో అందరివీ అయ్యాయి. అందుకే ఎవరైనా ఆ కథలు తీయగలుగుతున్నారు. మెడలో బోల్టులు, చదును తల మాత్రం 1931 సినిమావి. 1935 నాటి సీక్వెల్‌లోని కొత్త పాత్రలకు మాత్రం ఇంకో నాలుగేళ్లు ఆగాలి. ట్రేడ్‌మార్కుల లెక్క మళ్లీ వేరు.

మన దేశంలో సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాతాళభైరవి గడువు 2011 చివరికి, విఠలాచార్య బందిపోటు (1963) గడువు 2023 చివరికి తీరిపోయాయి.

హక్కు తీరిపోవడం వల్ల మేలు, కీడు రెండూ ఉంటాయి. జార్జ్ రొమేరో 1968లో తీసిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ దీనికి నిలువెత్తు ఉదాహరణ. చివరి నిమిషంలో టైటిల్ మార్చినప్పుడు పాత టైటిల్ కార్డు మీదున్న కాపీరైట్ గుర్తు కొత్తదాని మీద వేయడం మర్చిపోయారు. అప్పటి చట్టంలో ఆ గుర్తు లేకపోతే హక్కే లేదు. తీసినవాళ్లకు రావలసిన డబ్బు పోయింది. అడ్డు లేదు కాబట్టి ప్రతి టీవీ స్టేషనూ వేసింది, ప్రతి వీడియో కంపెనీ క్యాసెట్ చేసింది, జాంబీ అంటే ఏంటో ప్రపంచమంతా ఆ సినిమాతోనే నేర్చుకుంది. కానీ చూసినవన్నీ కాపీకి కాపీ తీసిన మసక బొమ్మలు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు కెమెరా నెగటివ్ నుంచి దాన్ని బాగుచేయడానికి 2016 దాకా పట్టింది. దాదాపు యాభై ఏళ్లుగా బూడిదరంగు ముద్దలా కనిపించిన శ్మశానం సీనులో, ఆ కొత్త ప్రింట్‌లో గడ్డిపోచలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.